ఎబా మానకుండా బరువు అదుపులో: నైజీరియా భోజనం ఎలా తినాలి

బరువు తగ్గాలనుకుంటున్నామని అనగానే లాగోస్‌లో ఎవరైనా ముందు చెప్పే మాట ఎబా (కర్రపెండలం రవ్వ, అంటే గారీతో చేసే ముద్ద) మానేయమని. మానేసినవాళ్ళు రెండు వారాలు ఓట్స్‌తో నెట్టుకొస్తారు. ఆ తర్వాత సాయంత్రం నాలుగింటికి ఆకలికి ఆగలేక రోడ్డు పక్కన పఫ్ పఫ్ (నూనెలో వేయించిన మైదా ఉండలు), ఇంటికొచ్చాక చిన్ చిన్ (వేయించిన మైదా ముక్కలు) డబ్బా, పొద్దున అగేగే బ్రెడ్డు సగం. తగ్గిన బరువు తిరిగి వచ్చేస్తుంది. నిజానికి ఎబా, ఆమలా (పెండలం పిండి ముద్ద), ఫుఫు (పులిసిన కర్రపెండలం ముద్ద), దంచిన పెండలం లాంటి ముద్దల్లో (వీటన్నిటినీ కలిపి స్వాలో అంటారు) ప్రత్యేకంగా లావెక్కించే గుణమేమీ లేదు. ముద్ద పెద్దది, సూపు చిన్నది, ఆ చిన్న సూపు నిండా నూనె. బరువు పెంచేది ఈ మూడూ కలిసిన కంచం. దీన్ని తిరగేయాలి: సూపు పెద్దది, ముద్ద చిన్నది, నూనె చెంచా లెక్కన.

ఉద్యోగం కోసం లాగోస్, అబుజా, పోర్ట్ హార్కోర్ట్ వెళ్ళి అక్కడి తిండికి అలవాటు పడిన తెలుగువాళ్ళకు ఇంకో మాట. రాగి సంకటి తిన్న చేతికి ఎబా కొత్తేమీ కాదు. అందుకే ఎంత తింటున్నామో తెలియకుండానే లోపలికి వెళ్ళిపోతుంది.

ముందు కాటా, టేపు కొనండి

వంటింటి డిజిటల్ కాటా ఒకటి, నడుము కొలిచే టేపు ఒకటి చాలు. నైజీరియా మార్కెట్లో పిండీ గింజలూ కిలోల్లో కన్నా డబ్బాల లెక్కన ఎక్కువ అమ్ముతారు. ఉత్తరాన ముదు, నైరుతిలో కాంగో, తూర్పున పెయింట్ డబ్బా, అన్నిచోట్లా డెరికా. ఒకరి డబ్బా నిండుగా, ఇంకొకరిది గోపురంలా పొంగి ఉంటుంది, మూడోవాళ్ళది అడుగు నొక్కేసి ఉంటుంది. కాబట్టి "రెండు కప్పుల గారీ" అని ఎవరు చెప్పినా ఇంటికొచ్చి ఒకసారి తూచండి. మీ గిన్నెలో 75 గ్రాముల గారీ ఎక్కడిదాకా వస్తుందో చూసి అక్కడ గీత పెట్టుకోండి. ఆ తర్వాత రోజూ తూచక్కర్లేదు.

నడుమును బొడ్డు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య కొలవాలి, ఊపిరి వదిలాక. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య లెక్కలో దక్షిణాసియా మగవారికి హద్దు 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. ఆఫ్రికా మగవారికి 94 దాకా చెల్లుతుంది, ఆడవారికి అదే 80. మీ పక్క సీటు నైజీరియన్ సహోద్యోగికి 92 ఉన్నా హద్దులోపలే, మీకు మాత్రం దాటినట్టే. బీఎమ్ఐ కూడా అంతే. ఆసియావాళ్ళు 23 దగ్గరే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున బరువు చూసుకోండి. ఎగువ తిరిగిన వారం, దిగువ తిరిగిన వారం రెండూ ఉంటాయి. నాలుగు వారాల పోకడే లెక్క.

ముద్ద: ఏ పిండన్నది కాదు, ఎంత పిండన్నది

గారీ, పెండలం ఎండబెట్టి చేసిన ఎలూబో, సెమోవిటా (గోధుమ రవ్వ పిండి), అరటి పిండి, గోధుమ పిండి, ఏదైనా పొడిగా 100 గ్రాములకు సుమారు 330 నుంచి 360 కేలరీలు. "అరటి పిండి ముద్ద తింటే లావెక్కరు" అని అమ్మేవాళ్ళు చెబుతారు. దాంట్లోనూ గోధుమలోనూ పీచు కాస్త ఎక్కువ, కడుపు కాసేపు ఎక్కువ నిండుగా ఉంటుంది. ఆ ధైర్యంతో రెండు ముద్దలు తింటే వచ్చిన లాభమంతా పోయింది. క్యాబేజీ, వంకాయ మిక్సీ పట్టి ఇసబ్‌గోల్‌తో గట్టిపరిచే కొత్త ముద్దలూ వచ్చాయి. కేలరీలు తక్కువే, కాదనలేం. కానీ నాలుగు రోజులకు మొహం మొత్తుతుంది. అసలు ఎబానే సగం చేసుకోవడం దానికన్నా ఎక్కువ కాలం నిలిచే పద్ధతి.

తగ్గాలనుకునేవారికి ఒక పూటకు కొలత ఇది. పొడి గారీ లేదా ఎలూబో అయితే 75 గ్రాములు, అంటే 260-270 కేలరీలు. దంచిన పెండలం అయితే తొక్క తీసిన పచ్చి ముక్కలు 220 గ్రాములు, కేలరీలు దాదాపు అంతే. రోజుకు ఒక్క పూటే ముద్ద. బరువు పనిచేసేవారు, రోజూ గంట పరిగెత్తేవారు 100-120 గ్రాముల పిండి దాకా పోవచ్చు. తడి ఫుఫు ముద్దగా కొంటే అందులో నీళ్ళు ఎంతో తెలియదు. వండాక తూచి 220-250 గ్రాములతో ఆపండి.

ఎబా కలిపే తీరు కూడా పరిమాణాన్ని మారుస్తుంది. 180 మిల్లీలీటర్ల నీళ్ళు తెర్లనివ్వండి. పొయ్యి మీంచి దించి గిన్నెలో పోసి, గారీని వానజల్లులా చుట్టూ చల్లండి. నీటి పైన గారీ సన్నటి పొరగా కనిపించి, తడి ఇంకా మెరుస్తూ ఉండగా ఆపాలి. కదపకుండా మూతపెట్టి రెండు మూడు నిమిషాలు వదిలేయండి. అప్పుడు చెక్క గరిటెతో అంచునుంచి లోపలికి మడుస్తూ కలపండి. నీళ్ళు మరగకపోతే గింజలు విచ్చుకోక నోట్లో ఇసకలా తగులుతాయి. చల్లుతూనే కలిపితే ఉండలు కడుతుంది. గట్టిపడలేదని మళ్ళీ గారీ చల్లడం చాలామంది చేసే పని. ఆ రెండో చల్లడంలోనే 30-40 గ్రాములు, అంటే వంద కేలరీల పైచిలుకు, లెక్కలోకి రాకుండా కలుస్తాయి. పలచగా వస్తే మూతపెట్టి ఇంకో రెండు నిమిషాలు ఆగండి, అదే బిగుస్తుంది.

పసుపు గారీలో వేయించేటప్పుడే పామాయిల్ కలుపుతారు, తెల్లదానిలో కలపరు. ఉన్న తేడా కొద్దిపాటిదే, ఇష్టమైనది వాడండి. చల్లనీళ్ళలో నానబెట్టి తాగే ఇజెబు గారీ సంగతి మాత్రం వేరు. ఎండలో కడుపు చల్లబడ్డానికి తాగేది కాబట్టి దాన్ని ఎవరూ భోజనం కింద జమ వేయరు. 50 గ్రాముల గారీ 180 కేలరీలు, గుప్పెడు వేరుశనగపప్పు 170, చక్కెర రెండు చెంచాలు 35-40. కలిపితే దాదాపు 390. తాగండి, కానీ ఆ పూట అదే భోజనమనుకోండి.

ఇక తినే వేగం. స్వాలోను నమలరు. చేత్తో ఉండ చేసి, బొటనవేలితో గుంట పెట్టి, సూపు తోడుకుని మింగుతారు. నమలని తిండి పది నిమిషాల్లో అయిపోతుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేసరికి ఇరవై నిమిషాలు. ఉండను నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చేయండి. ప్రతి రెండు ఉండలకూ మధ్య ఒక ముక్క మాంసమో, చేపో, ఆకుకూర ముద్దో నమలండి. నమిలే పని పెట్టడానికి పొన్మో (ఆవు తోలు) మంచిదే, కొవ్వు తక్కువ. అయితే దాన్ని మాంసకృత్తుల కింద లెక్కేయకండి. అది చాలావరకు కొల్లాజెన్, మాంసమూ చేపా చేసే పని చేయదు.

ఎగుసీ సూపు: నూనె తగ్గించి, రుచి తగ్గకుండా

ఎగుసీ ఒక రకం పుచ్చజాతి గింజ. దానిలోనే దాదాపు సగం బరువు కొవ్వు, 100 గ్రాములకు 550 కేలరీలకు పైన. అంత నూనె ఉన్న గింజకు మళ్ళీ కప్పు పామాయిల్ పోస్తారు. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, సుమారు 1,900 కేలరీలు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి నూనె నుంచే 475. మూడు పెద్ద చెంచాలతో (చెంచాకు 15 మి.లీ.) చేస్తే అదే 90. రోజుకు 385 కేలరీలు తగ్గించడానికి ఇంతకన్నా సులువైన చోటు ఇంకోటి లేదు.

నలుగురికి కావలసినవి: ఎముక లేని మేక మాంసం 400 గ్రాములు, నానబెట్టిన స్టాక్‌ఫిష్ (ఎండబెట్టిన కాడ్ చేప) నాలుగు ముక్కలు, పొడి కొట్టిన ఎగుసీ 100 గ్రాములు, పామాయిల్ 3 పెద్ద చెంచాలు, ఎర్ర టటాషే మిరపకాయలు 3, అటా రోడో అనే ఘాటు మిరపకాయ ఒకటి (ఘాటు తట్టుకోగలిగితే రెండు), ఉల్లిపాయలు 2, ఇరు ఒక పెద్ద చెంచా, క్రేఫిష్ (ఎండు చిట్టిరొయ్యల) పొడి 2 పెద్ద చెంచాలు, ఉగు ఆకు 400 గ్రాములు. ఉగు దొరక్కపోతే పాలకూర, తోటకూర ఏదైనా. ఇరు అంటే పులియబెట్టిన లోకస్ట్ బీన్స్ గింజలు. వాసన మొదట గట్టిగా తగులుతుంది, నూనె తగ్గించిన సూపును నిలబెట్టేది మాత్రం అదే.

మాంసాన్ని ఒక ఉల్లిపాయ, ఉప్పు వేసి ముందురోజే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకు కొవ్వు తెల్లగా పైన గడ్డకడుతుంది, చెంచాతో తీసి పారేయండి. వేడి మీద తీస్తే సగం కూడా రాదు. మాంసాన్ని ఉడికించాక మళ్ళీ నూనెలో వేయించడం అక్కడ మామూలు. ఆ పని మానండి, పైన కాస్త ఎర్రబడాలంటే గ్రిల్ కింద పది నిమిషాలు పెట్టండి.

ఎగుసీ పొడిలో సగం ఉల్లిపాయ ముద్ద, నాలుగైదు చెంచాల నీళ్ళు కలిపి గారెల పిండిలా గట్టిగా చేసుకోండి. టటాషే, రోడో మిక్సీ పట్టి, నూనె లేకుండా విడిగా గిన్నెలో మరిగించి నీరు ఇంకనివ్వండి. ఇది ముఖ్యం. పచ్చి మిరప ముద్దను నేరుగా నూనెలో వేస్తే నీరు ఇంకి పులుపు పోయేదాకా వేయించడానికి బోలెడు నూనె పడుతుంది. ముందే నీరు ఇంకితే మూడు చెంచాలు సరిపోతుంది.

ఇప్పుడు మందపాటి గిన్నెలో పామాయిల్ సన్న సెగ మీద వేడిచేసి, మిగిలిన సగం ఉల్లిపాయ ముక్కలు, ఇరు వేయండి. నూనె పొగ రానివ్వకండి. ఎరుపంతా పోయేదాకా కాస్తే విటమిన్ ఎ తయారయ్యే కెరోటిన్ పోతుంది, ఘాటు వాసన మిగులుతుంది. ఇంకిన మిరప ముద్ద వేసి మూడు నిమిషాలు వేయించి, కొవ్వు తీసిన మాంసం నీళ్ళు రెండు కప్పులు పోయండి. తెర్లుతుండగా ఎగుసీ ముద్దను చెంచాతో కొద్దికొద్దిగా జారవిడిచి, మూతపెట్టి పది నిమిషాలు కదపకండి. అప్పుడే కదిపితే ముద్దలు కరిగి సూపు పాలలా అయిపోతుంది. గడ్డలు గట్టిపడ్డాక నెమ్మదిగా తిప్పి, మాంసం, స్టాక్‌ఫిష్, క్రేఫిష్ వేసి ఇంకో పదిహేను నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. ఎగుసీలోంచి నూనె తనంతట తాను పైకి తేలుతుంది. పోసిన నూనె చాలలేదని కంగారుపడి ఇంకో గరిటె వంపేది సరిగ్గా దీనికి ముందే, ఓపిక పట్టండి. చివర్లో ఆకు వేసి నాలుగు నిమిషాలు. ఆకు ముదురాకుపచ్చగా ఉండగానే దించాలి.

ఒక్కొక్కరి వాటా సుమారు 430-450 కేలరీలు. పక్కన 75 గ్రాముల ఎబా. మొత్తం 700 చిల్లర, మధ్యాహ్నానికి నిండు భోజనం.

ఉప్పు విషయం ఇక్కడే చెప్పాలి. మసాలా క్యూబుల్లో దాదాపు సగం ఉప్పే. క్రేఫిష్‌లో, ఇరులో ఎలాగూ ఉప్పదనం ఉంటుంది కాబట్టి నలుగురి గిన్నెకు ఒక్క క్యూబు చాలు, విడి ఉప్పు రుచి చూశాకే. ఉప్పెక్కువైన మర్నాడు ఒంట్లో నీరు నిలిచి కాటా కిలో ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు.

ఏ సూపుతో ఏ జాగ్రత్త

నూనె అక్కర్లేనివి ముందు. ఎవెడు (జనుము జాతి ఆకు) కేవలం నీళ్ళలో ఉడికి జారుగా వస్తుంది. గ్బెగిరి బొబ్బర్లతో చేసే పప్పు. ఈ రెండూ కలిపి, పైన కొద్దిగా మిరప కూర వేసి ఆమలాతో ఇచ్చే ఇబాదాన్ అబులా బరువు తగ్గేవాళ్ళకు నైరుతి నైజీరియా ఇచ్చిన మంచి కంచం. మిరప కూర వడ్డించేటప్పుడు పైన తేలే నూనెను పక్కకు తోసి అడుగునుంచి తీసుకోవాలి, అంతే జాగ్రత్త. బెండకాయ సూపుకు ఒక చెంచా నూనె చాలు. పెప్పర్ సూపు నీటి చారు. ఎహురు, ఉద అనే మసాలా దినుసులు, అటా రోడోతో మేకమాంసం కానీ క్యాట్‌ఫిష్ కానీ వేసి చేస్తారు. ఫ్రిజ్‌లో పెట్టి కొవ్వు తీసే పద్ధతి దీనికీ పనికొస్తుంది.

ఎఫో రీరోలో ఆకే ఎక్కువ కనుక దీన్ని వారానికి రెండుసార్లు వండినా మంచిదే. 600 గ్రాముల షోకో ఆకును మరిగే నీళ్ళలో నిమిషం ముంచి, చల్లార్చి, గట్టిగా పిండండి. పిండకపోతే సూపు నీళ్ళోడుతుంది, ఆ నీటిని కప్పిపుచ్చడానికి మళ్ళీ నూనె పోస్తారు. క్రాస్ రివర్, అక్వా ఇబోమ్‌ల ఎదికాయ్‌కోంగ్‌లో వాటర్‌లీఫ్ (మన సిలోన్ బచ్చలి) పడుతుంది. అది బోలెడు నీరు వదులుతుంది, విడిగా నీళ్ళు పోయక్కర్లేదు. కానీ హోటళ్ళలో ఇది పామాయిల్‌లో ఈదుతూ వస్తుంది, ఇంట్లో వండుకోవడమే మేలు.

బంగా సూపు తాటి జాతి ఆయిల్‌పామ్ పళ్ళ రసంతోనే చేస్తారు. నూనె అందులోనే ఉంది, విడిగా వేయకూడదు. ఒగ్బోనో గింజ కూడా కొవ్వుదే. ఎన్‌క్వోబీ (ఆవు కాళ్ళ కూర), అయామసే (ఆకుపచ్చ మిరప కూర) రెండూ నూనె చుట్టూ కట్టిన వంటలు. వాటిని తగ్గించి వండితే అవి అవి కాకుండా పోతాయి. నెలకోసారి అసలు పద్ధతిలో, చిన్న గిన్నెడు తినడం నయం.

బొబ్బర్లు: పొద్దుటి తిండికి

నైజీరియాలో బీన్స్ అంటే ప్రధానంగా బొబ్బర్లే. అకారా మన అలసంద వడకు దగ్గరి చుట్టం, మోయి మోయి ఆ పిండినే ఆవిరి మీద ఉడికించింది. పొద్దున ఓగీ (మొక్కజొన్న జావ) తో అకారా తినడం అలవాటు. ఓగీలో ఉన్నది పిండీ నీళ్ళూ, పైన చక్కెర, డబ్బా పాలు. తొమ్మిదింటికి తాగితే పదకొండింటికి ఆకలి. ఓగీ ఒక కప్పు, చక్కెర చెంచా మించకుండా, పక్కన అకారాకు బదులు మోయి మోయి ఒకటి పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా ఆగుతారు.

ఆరు మోయి మోయిలకు బొబ్బర్లు 250 గ్రాములు. పది నిమిషాలు నానబెట్టి, చేతుల మధ్య రుద్ది, నీళ్ళు వంపుతూ పొట్టు తీసి, తర్వాత గంట నాననివ్వండి. ముందే గంటలకొద్దీ నానితే పొట్టు అంటుకుపోయి రాదు. టటాషే 2, రోడో 1, ఉల్లిపాయ 1, కొవ్వు తీసిన మాంసం నీళ్ళు 350 మిల్లీలీటర్లతో చాలా మెత్తగా రుబ్బండి. మామూలుగా అర కప్పు నూనె వేస్తారు, 2 పెద్ద చెంచాలు సరిపోతాయి. తగ్గించిన నూనె వల్ల పొడిబారకుండా ఉండాలంటే పిండిని గరిటెతో ఐదు నిమిషాలు గిలక్కొట్టండి, గాలి చేరి మెత్తగా వస్తుంది. ఉడికించిన గుడ్లు 3 సగాలు చేసి, విడదీసిన చేప ముక్కలు వేసి, ఆకుల్లోనో మూత గిన్నెల్లోనో పోసి 45 నుంచి 60 నిమిషాలు ఆవిరి మీద ఉంచండి. ఒక్కోటి సుమారు 230 కేలరీలు. అడుగున గట్టిగా, పైన నీళ్ళగా రెండు పొరలైతే పిండి పలచనైందని అర్థం. మధ్యలో పచ్చిగా ఉంటే గిన్నెలో నీళ్ళు ఇంకిపోయి ఆవిరి ఆగింది. మధ్యలో పోసేవి మరిగే నీళ్ళే అయ్యుండాలి.

అకారా కావాల్సిందే అంటే శనివారం నాలుగు. పిండి గట్టిగా రుబ్బి, బాగా గిలక్కొట్టి, ఉప్పూ ఉల్లిపాయా వేయించే ముందే కలపండి, నూనె బాగా కాగాక వేయండి. పలచటి పిండి, కాగని నూనె కలిస్తే వడ స్పాంజిలా నూనె పీలుస్తుంది.

శాకాహారులకు హెచ్చరిక: ఇరు మొక్కదే, కానీ బయట దొరికే మోయి మోయిలో, సూపుల్లో క్రేఫిష్ లేనిది అరుదు. అడిగినా "మాంసం లేదు" అంటారు, క్రేఫిష్‌ను మాంసం కింద లెక్కెయ్యరు మరి. ఎనుగులో ఒక్పా (బంబారా గింజల పిండిని ఆవిరి పట్టింది) దొరుకుతుంది. ఉత్తరాన మునగాకును జొగలే పేరుతో వేరుశనగ చెక్క పొడి కలిపి తింటారు, ఆ పొడి రెండు చెంచాలకు మించకుండా పెట్టించుకోండి.

జొలొఫ్, అరటి

జొలొఫ్ రైస్‌లో కిటుకు పైన చెప్పిందే: టటాషే, టమాటా, రోడో ముద్దను నూనె లేకుండా ఇంకించాకే తాలింపులో వేయడం. నలుగురికి 300 గ్రాముల ఉప్పుడు బియ్యం, 3 పెద్ద చెంచాల నూనె. వాటాకు సుమారు 400 కేలరీలు. దాంతో దోదో (వేయించిన పండు అరటి) కూడా కావాలంటే అన్నం మూడో వంతు తగ్గించుకోవాలి, రెండూ నిండుగా ఒకే కంచంలో వద్దు. దోదోకు బదులు ముక్కలకు చెంచా నూనె రాసి 200 డిగ్రీల ఓవెన్లో పదిహేను, పద్దెనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. పండు మరీ నల్లబడితే ఓవెన్లో చితికి అంటుకుంటుంది, పసుపు మీద అక్కడక్కడ నల్లమచ్చలు ఉన్నప్పుడు వాడండి. బొగ్గుల మీద కాల్చిన బోలీ ఇంకా మంచిది. పోర్ట్ హార్కోర్ట్‌లో దానికి చేపతో పాటు పామాయిల్ సాస్ పోస్తారు, సాస్ విడిగా అడగండి.

బుకాలో, పార్టీలో

బుకాలో (వీధి భోజనశాలలో) స్వాలో చుట్టల లెక్కన, అన్నం గరిటెల లెక్కన, మాంసం ముక్కల లెక్కన అమ్ముతారు. ఇది మీకు అనుకూలమే. "మడామ్, స్వాలో వన్, వెజిటబుల్ ప్లెంటీ, ఆయిల్ స్మాల్, అబెగ్ (దయచేసి)" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. చుట్ట పెద్దదైతే సగం అక్కడే తీసి పక్కన పెట్టండి, తినడం మొదలయ్యాక పెట్టలేరు. ఒరిషిరిషి (పేగులు, పొట్ట, తోలు కలగలుపు) కన్నా క్రోకర్ చేపో, నత్తలో అడగండి.

సూయా మంచి చిరుతిండి: సన్నటి మాంసం, నిప్పులు, యాజీ కారం, పచ్చి ఉల్లి, టమాటా. మల్లం (సూయా అమ్మే అతను) కాల్చేటప్పుడు చిలకరించే వేరుశనగ నూనె, చివర్లో గుమ్మరించే యాజీ పొడి, ఈ రెంటినీ తగ్గించమని చెప్పాలి. పొడిలో వేరుశనగ చెక్కే ఎక్కువ.

శనివారం ఒవాంబే పార్టీలో వచ్చే చిక్కు వేరు. భోజనానికి ముందు స్మాల్ చాప్స్ పళ్ళెం తిరుగుతుంది, పఫ్ పఫ్, స్ప్రింగ్ రోల్, మన సమోసాతో సహా. భోజనం ఎప్పుడొస్తుందో తెలియని ఆకలిలో ఆ పళ్ళెం రెండుసార్లు ఖాళీ అవుతుంది. ఇంట్లో మోయి మోయి ఒకటి తిని బయలుదేరండి. స్మాల్ చాప్స్‌లో కాల్చిన మాంసం పుల్లలు మాత్రం తీసుకోండి.

తాగేవి

మాల్ట్ డబ్బా వెనక చూడండి. 100 మిల్లీలీటర్లకు చక్కెర 10 గ్రాములని ఉంటే 330 మిల్లీలీటర్ల డబ్బాలో 33 గ్రాములు, ఎనిమిది చెంచాలు. 60 సెంటీలీటర్ల బీరు సీసా ఒకటి దాదాపు 250 కేలరీలు, ఒక పూట ముద్దకు సమానం.

జోబో గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకుల పానీయం. ఇంట్లో చేసుకుంటే కేలరీలు లేనట్టే. ఎండు రేకులు 30 గ్రాములు రెండుసార్లు కడిగి, లీటరున్నర నీళ్ళు, దంచిన అల్లం 30 గ్రాములు, లవంగాలు నాలుగు, శుభ్రంగా కడిగిన అనాస తొక్కలతో పదిహేను నిమిషాలు మరిగించి వడకట్టండి. తీపి అనాస తొక్కే ఇస్తుంది, చాలకపోతే రెండు ఖర్జూరాలు వేయండి. ఎక్కువసేపు మరిగిస్తే వగరెక్కుతుంది, ఆ వగరు చంపడానికే బయట చక్కెర దిమ్మరిస్తారు. జోబో రక్తపోటును కొంత దించుతుంది కనుక బీపీ మాత్రలు వాడేవారు రోజూ తాగే ముందు డాక్టర్ని అడగాలి, గర్భిణులు మానాలి.

కాటా కదలకపోతే

నాలుగు వారాలైనా తగ్గలేదంటే ముందు వంటమనిషి చేతిలోని నూనె గరిటె చూడండి. మీరు చెంచాలు చెప్పారు, ఆవిడ గరిటెతోనే పోస్తోందేమో. వారానికి వాడే నూనెంతా ఒక సీసాలో విడిగా పోసి ఇవ్వండి, ఆదివారానికి ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. ఇద్దరికి రోజూ రెండు పూటల వంటకు వారానికి 350 మిల్లీలీటర్లు మించకూడదు.

రెండోది రాత్రి భోజనం. లాగోస్ ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, అప్పుడు ఆకలికి దొరికింది పెద్ద ముద్ద. స్వాలోను మధ్యాహ్నానికి మార్చి, ఐదింటికి ఉడికించిన గుడ్లు రెండో, బోలీ సగమో తిని బయలుదేరితే రాత్రికి పెప్పర్ సూపు, ఆకుకూర సరిపోతాయి. మూడోది అన్నం: స్వాలో తగ్గించిన ఇళ్ళలో అన్నం గరిటెలు చెప్పాపెట్టకుండా పెరుగుతాయి. వండిన అన్నం 200 గ్రాములు 260 కేలరీలు, ఒక పూట ఎబాకు అది మారకమే గానీ అదనం కాదు.

ఇన్సులిన్ కానీ, చక్కెర దించే మాత్రలు కానీ వాడేవారు ముద్దను ఒక్కసారిగా సగానికి దించితే షుగర్ పడిపోవచ్చు. వారానికి పావువంతు చొప్పున, మందు మోతాదు డాక్టరుతో సరిచూసుకుంటూ దించండి.